ఒకనాడు లేచి ఒకనాడు లేవని యంత్రము

యంత్రమునకు కలుగు వ్యాధులలో చికిత్సకుని మిక్కిలి బాధించునది దానిని బొత్తిగా పడవేయునది కాదు. నేడు కనిపించి రేపు మాయమగునది. ఇంటిలో బల్లమీద నున్న కంప్యూటరు నిన్న ఉదయము మీట నొక్కినంతనే లేచినది. నేడు అదే మీట, అదే కరెంటు. లోపల ఫ్యాను తిరుగుచున్నది, ముందు దీపము వెలుగుచున్నది, తెరమీద మాత్రము ఏమియు లేదు. విసిగి ఆపివేసి, కాఫీ త్రాగి వచ్చి మరల నొక్కగా, ఏమియు జరుగనట్లే మామూలుగా లేచినది. మరమ్మతు చేయువానిని పిలిచితిమా, అతడు వచ్చు వేళకు దానికి ఏ రోగమును ఉండదు. పూర్తిగా చచ్చిన యంత్రమున ఒక్కొక్క భాగమే మార్చి చూచుచు పోయినచో ఎక్కడనో ఒకచోట దోషము పట్టుబడక తప్పదు. అప్పుడప్పుడు మాత్రమే మొరాయించు యంత్రమున ఏ భాగము మార్చినను బాగుపడినట్లే తోచును, వారము తిరుగకుండ కథ మరల మొదటికి వచ్చును. మన ఆయుర్వేదమున విషమజ్వరములని ఒక తెగ కలదు. దినము విడిచి దినము వచ్చునది తృతీయకమనియు, రెండు దినములు విడిచి వచ్చునది చాతుర్థికమనియు వానికి పేర్లు. అట్టి జ్వరమును చూడవచ్చిన వైద్యుడు నాడి పట్టుటకు ముందు వేళను విచారించును: ఎప్పుడు వచ్చినది, ఎంతసేపు నిలిచినది, చలితో వచ్చినదా, తిండి తిన్న తరువాత వచ్చినదా అని. కంప్యూటరు మరమ్మతు విద్యయు ఈ వేళను విచారించు పద్ధతిని నేర్చుకొన్నది. కాని ఒక్కనాడు నేర్చుకొనలేదు. యంత్రము తన స్థితిని తానే చెప్పుట, మనుష్యుడు వేళను సందర్భమును అడుగుట అను రెండు స్తంభముల మీద ఆ విద్య నిలిచినది. ఆ స్తంభములు ఎట్లు లేచినవో, వానిలో మొదటిది మన కన్నుల యెదుటనే ఎట్లు ఒరిగిపోవుచున్నదో చెప్పుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

మొదటి పాఠము 1946 నాటిది. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరమందలి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున ఎకర్ట్, మాక్లీ అను నిరువురు నిర్మించి, ఆ ఏట ఫిబ్రవరిలో లోకమునకు చూపిన ఎనియాక్ యంత్రమున సుమారు 18,000 వాల్వులు ఉండెను. పాత రేడియోల వెనుక ఎర్రగా కాగుచుండు గాజు వాల్వులను చూచినవారికి ఆ సంఖ్య వినినంతనే గుండె ఝల్లుమనును. ఎకర్ట్ దూరదృష్టితో ఒక్కొక్క వాల్వుమీదను అది మోయగల దానికంటె చాల తక్కువ భారమునే ఉంచెను. అయినను అవి కాలిపోవుచునే యుండెను. పరిశీలించి చూడగా తేలిన దేమనగా, వాల్వులు ఎక్కువగా చెడునది లెక్క నడుచుచున్నప్పుడు కాదు, యంత్రమును వెలిగింపగా వేడెక్కునప్పుడును, ఆర్పగా చల్లబడునప్పుడును. కావున దానిని ఆర్పకుండుటయే మేలని నిశ్చయించిరి. అంతట వాల్వు చెడుట రెండు దినములకు ఒకటి చొప్పునకు దిగినది. 1954లో ఆ యంత్రము 116 గంటలు ఎడతెగక, లోపము లేక నడచుట దాని చరిత్రలోనే దీర్ఘమైన పరుగు. యంత్రమునకు ప్రమాదకాలము నడక కాదు, లేచుట. ఈ సత్యమును ఎనియాక్ ఇంజనీర్లు పనిలో పెట్టిరి.

కాని ఆర్పకుండ ఉంచుకొనుట ప్రభుత్వ ధనముతో నడచు యంత్రమునకు చెల్లును. ఇంటికి వచ్చిన కంప్యూటరును ప్రతి దినమును వెలిగింపవలెను, ప్రతి రాత్రియు ఆర్పవలెను. 1975 జనవరిలో పాపులర్ ఎలక్ట్రానిక్స్ పత్రిక అట్టమీద దర్శనమిచ్చిన ఆల్టెయిర్ 8800 యంత్రమునకు కీబోర్డు లేదు, తెర లేదు. ముందు పలకమీద మీటల వరుసయు చిన్న దీపముల వరుసయు మాత్రమే కలవు. కరెంటు తీసినంతనే దాని జ్ఞాపకమంతయు తుడిచిపెట్టుకొని పోవును. టేపునుండి ప్రోగ్రామును చదువుకొనవలెనన్నను, చదువుట ఎట్లో చెప్పు చిన్న ప్రోగ్రాము ముందుగా లోపల ఉండవలెను. దానిని యజమానియే, వెలిగించిన ప్రతిసారియు, మీటలను పైకి క్రిందికి త్రిప్పుచు ఒక్కొక్క బైటుగా ఎక్కింపవలసి వచ్చెను. ఒక్క మీట తప్పినను యంత్రము లేవదు; లేవనప్పుడు తప్పు లోపలి చిప్పులదో తన వ్రేళ్ళదో ఆ యజమానికి తెలియదు. రెండేండ్లకు, 1977లో, ఆపిల్ టూ వచ్చి ఆ చిన్న ప్రోగ్రామును చెరగని స్మృతియగు రోమ్ చిప్పునందు నిలిపినది. అది మొదలు లేచు బాధ్యత యజమాని చేతినుండి యంత్రమునకు మారినది. లేవకున్న తప్పు యంత్రమునదే యనుటకు సందేహము లేకపోయెను.

ఆ తప్పునకు ప్రసిద్ధమైన దృష్టాంతము ఆ కంపెనీయే 1980లో వెలువరించిన ఆపిల్ త్రీ. ఫ్యాను చప్పుడు ఉండరాదని నిర్ణయించి, అల్యూమినియపు పెట్టె ద్వారానే వేడి వెడలిపోవలెనని దానిని కట్టిరి. లోపలి చిప్పులు సాకెట్లయందు గ్రుచ్చబడినవే కాని అతుకబడినవి కావు. పగలు పనిచేయగా వేడెక్కి వ్యాకోచించి, రాత్రి చల్లారి సంకోచించి, అవి దినదినమును వెంట్రుకవాసి చొప్పున పైకి లేచుచు వచ్చెను. ఒకనాటికి ఒక కాలు అంటియు అంటనట్లు నిలిచెడిది. అట్టి యంత్రమును బల్లమీదనుండి కొలది అంగుళములు ఎత్తి క్రిందికి విడువుడని కంపెనీవారే సలహా యిచ్చినట్లు ఆ నాటివారు వ్రాసియున్నారు. వినుటకు వింతగా నున్నను ఆ సలహాయందు శాస్త్రము లేకపోలేదు. ఆ కుదుపునకు చిప్పులు మరల సాకెట్లలో దిగును. మొదట అమ్ముడైన సుమారు 14,000 యంత్రములను కంపెనీ ఉచితముగా మార్చి యిచ్చినది. ఈ జాడ్యము ఒక్క కంపెనీకే పరిమితము కాదు. సాకెట్లున్న ప్రతి బోర్డునను అది ఎంతోకొంత ఉండెను గనుకనే, పెట్టె విప్పిన మరుక్షణము ప్రతి చిప్పును బొటనవ్రేలితో గట్టిగా నొక్కిచూచుట ఆ దశాబ్దపు మరమ్మతుదారులకు మొదటి పని యైనది.

యంత్రము తన రోగమును తానే చెప్పు విధానము ఇండ్లకును చిన్న కార్యాలయములకును చేరినది 1981 ఆగస్టు 12వ తేదీన ఐ.బి.ఎం. వారు ప్రకటించిన పర్సనల్ కంప్యూటరుతో. కరెంటు అందినంతనే దాని రోమ్ లోని ప్రోగ్రాము ముందుగా ప్రాసెసరును పరీక్షించును, తరువాత తన్ను తాను కూడి లెక్క సరిచూచుకొనును, అటుపై టైమరును, స్మృతిని, కీబోర్డును వరుసగా విచారించును. అన్నియు సరిగానున్నచో ఒక్క పొట్టి బీప్. స్మృతియందు దోషమున్న తెరమీద 201, కీబోర్డునందున్న 301. తెరయే పలుకనిచో సంఖ్య చూపుటకు తావు లేదు గదా యని, ఒక దీర్ఘము, రెండు హ్రస్వములుగా శబ్దము. ఈ ఏర్పాటును చేసినవారి ఔచిత్యమును నేను ఎంత కొనియాడినను తనివి తీరదు: కన్ను పోయినచో చెవికి చెప్పవలెనని ఆలోచించినవారు వారు. అంతకంటె గొప్పది వారు అచ్చువేసిన టెక్నికల్ రిఫరెన్స్ గ్రంథము. అందు బోర్డు పటములు సంపూర్ణముగా కలవు, రోమ్ లోని ప్రోగ్రాము మొదటి పంక్తినుండి చివరి పంక్తివరకు కలదు. దానివలన ఐ.బి.ఎం. వారికి పోటీ పెరిగినదనుట నిజము. 1982లో కాంపాక్ యంత్రమును, 1984లో ఫీనిక్స్ వారి బయాసును (రోమ్ లోని ఆ ప్రోగ్రామునకే బయాసు అని పేరు) వచ్చి, అనుకృతులు లోకమంతయు నిండినవి. కాని, యంత్రము ఎక్కడ ఆగినది, ఏ క్రమమున ఆగినది అను విషయమును ఏ దేశమందైనను చదువుకొనదగిన విద్యగా చేసినది ఆ గ్రంథమే. 1984 నాటి ఐ.బి.ఎం. వారి ఏ.టి. యంత్రము మొదలుకొని, ప్రతి పరీక్షకు ముందు ఒక సంఖ్యను నిర్ణీత ద్వారమునకు పంపు ఆచారము ఏర్పడినది. ఆ ద్వారమును చదివి రెండంకెలు చూపు చిన్న కార్డును స్లాటునందు గ్రుచ్చినచో, తెర నల్లగా నున్నను యంత్రము చివరిసారి ఏ పనిమీద నుండెనో తెలియును. మన మరమ్మతుదారులు దానిని డీబగ్ కార్డు అందురు.

ఆ తరము కనుగొన్న సూక్ష్మములలో నాకు అత్యంత ప్రియమైనది పవర్ గుడ్ అను సంకేతము. గోడలోని 230 వోల్టులను పుచ్చుకొని 12, 5 వోల్టులుగా దించి యిచ్చు పెట్టెను మన బజారులో ఎస్.ఎం.పి.ఎస్. అందురు. మీట నొక్కిన తక్షణమే ఆ వోల్టులు స్థిరపడవు. స్థిరపడకముందే ప్రాసెసరు పని ప్రారంభించినచో మొదటి ఆదేశములనే తప్పుగా చదువును. అందుచేత ఎస్.ఎం.పి.ఎస్. తన వోల్టులను తానే కొలుచుకొని, అన్నియు కుదిరిన తరువాత వేరొక తీగమీద "ఇక లెమ్ము" అని అనుజ్ఞ యిచ్చును. అంతవరకు బోర్డు ప్రాసెసరును పట్టి ఉంచును. 1995లో వెలువడిన ఏ.టి.ఎక్స్. నియమావళియందు ఈ నిరీక్షణ సెకండులో పదవవంతునుండి సగమువరకు ఉండవలెనని స్థిరపరచిరి. ఇప్పుడు ఆలోచింపుడు: ఎస్.ఎం.పి.ఎస్. ముసలిదై, వోల్టులు కుదురుకొనకముందే అనుజ్ఞ వెడలిపోయినచో ఏమగును? మొదటిసారి మీట నొక్కినప్పుడు ఫ్యాను తిరుగును, తెర రాదు. వెంటనే రీసెట్ మీట నొక్కినచో, అప్పటికి వోల్టులు కుదిరియున్నవి గనుక యంత్రము చక్కగా లేచును. యజమాని దీనిని యంత్రపు పెంకితనముగా భావించి, దినమును రెండు మీటలు నొక్కుటకు అలవాటు పడిపోవును. తెలిసినవాడు ఈ ఒక్క లక్షణము వినినంతనే బోర్డును ముట్టకుండ ఎస్.ఎం.పి.ఎస్. మార్చును. 1988లో మొదట వెలువడి పెక్కు ముద్రణములు పొందిన స్కాట్ ముల్లర్ వ్రాసిన కంప్యూటరు మరమ్మతు గ్రంథమున ఈ సంకేతమునకు ఇచ్చిన ప్రాధాన్యము చూచినవారు, మరమ్మతు అనగా భాగములు మార్చుట మాత్రమే యని ఇక అనలేరు.

ఏ.టి. యంత్రముతో మరియొక కొత్త భాగము వచ్చినది: ఆర్పినను కాలము లెక్కించుచు, యంత్రపు అమరికను జ్ఞాపకముంచుకొను చిప్పు, దానికి ప్రాణాధారముగా ఒక బ్యాటరీ. నేడు బోర్డుమీద కనబడు సి.ఆర్.2032 బిళ్ళ ఇరువది మిల్లీమీటర్ల వెడల్పును, మూడు వోల్టుల విద్యుత్పీడనమును గలది. అది క్షీణించినచో గడియారము ఎన్నో ఏండ్లు వెనుకకు పోవును, ఎఫ్-వన్ నొక్కుమని తెర అడుగును, ఒక్కొక్కప్పుడు యంత్రము తన డిస్కునే మరచును. ఇది రాత్రి గోడస్విచ్చి ఆపు ఇండ్లలో ఎక్కువ, ఆపని ఇండ్లలో తక్కువ. ఏలయన గోడకరెంటు ఉన్నంతకాలము ఆ చిప్పు బ్యాటరీమీద ఆధారపడదు. ఈ రోగమునకు మందు పది నిమిషముల పని. దీనిని వైరస్ అనుకొని డిస్కంతయు తుడిపించుకొన్నవారిని తలచుకొన్న మనస్సు కలుక్కుమనును.

ఇక మన ప్రాంతమునకు వత్తము. తెలుగుదేశమున కంప్యూటరు మరమ్మతు, వ్యాపారముగా కాక ప్రభుత్వ సంస్థలయందే మొదట వేళ్ళూనినది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారి నాయకత్వమున 1967లో హైదరాబాదున ఏర్పడిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ, 1969లో టి.డి.సి.-12 అను కంప్యూటరును వెలువరించినది. విడిభాగము విదేశమునుండి రావలెనన్న నెలలు పట్టు కాలమది. కావున చెడిన బోర్డును పారవేయుట అను ఆలోచనకే తావు లేదు, దోషమును చిప్పు వరకు తరిమి పట్టవలసినదే. 1978లో ఐ.బి.ఎం. మన దేశము విడిచిపోవగా, దాని యంత్రముల పోషణభారమును వహించినది కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్. ఒక దేశము మరమ్మతుకొరకే ప్రత్యేకముగా ఒక ప్రభుత్వ సంస్థను నెలకొల్పుట చరిత్రలో అరుదైన విషయము. అటుపిమ్మట సి.ఎం.సి. అని పిలువబడిన ఆ సంస్థ తన పరిశోధన కేంద్రమును హైదరాబాదుననే నెలకొల్పినది.

1984 నాటి కేంద్రప్రభుత్వ కంప్యూటరు విధానముతో దిగుమతులు సడలిన మీదట, విడిభాగములు తెచ్చి కూర్చి అమ్ము యుగము వచ్చినది. సికింద్రాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అనగా అందరి నోట సి.టి.సి., ఆ యుగమునకు తెలుగువారి ప్రధాన విపణి. అంతస్తు వెంట అంతస్తుగా ఇరుకు దుకాణములు, గాజు అరలలో బోర్డులు, మెట్లప్రక్కన క్యాబినెట్ల గుట్టలు. కర్నూలునుండియు, కరీంనగరమునుండియు వచ్చి, సంచిలో ఎస్.ఎం.పి.ఎస్.లు కట్టుకొని సాయంకాలపు బస్సు పట్టుకొను చిన్న వ్యాపారులు. అమీర్‌పేటలో హార్డ్‌వేర్ శిక్షణ పొంది అక్కడ బల్లల వెనుక కూర్చున్న యువకులు తమ పనికి తామే ఒక పరిభాషను కల్పించుకొనిరి: తెర నల్లబడిన "డిస్‌ప్లే లేదు", స్మృతి కదలిన "ర్యామ్ లూజు", విండోస్ మరల ఎక్కింపవలసిన "ఫార్మాట్ కొట్టాలి". వారి చేతిలోని ప్రసిద్ధమైన మందు పెన్సిలు రాత తుడుచు రబ్బరు. ర్యామ్ పట్టీని పైకి తీసి, దాని అంచున వరుసగా నున్న బంగారువన్నె పళ్ళను రబ్బరుతో మెల్లగా రుద్ది, నోటితో ఊదక బ్రష్షుతో దులిపి, టక్కుమని శబ్దము వచ్చువరకు మరల దిగవేయుదురు. అది పనిచేయుటకు కారణము కలదు. ఉష్ణమునకు వ్యాకోచించుచు సంకోచించుచు పళ్ళు సాకెట్టునందు సూక్ష్మముగా కదలును; ఆ రాపిడికి పుట్టిన పొడియు, గాలిలోని తేమయు, సముద్రతీరమున ఉప్పుగాలియు కలిసి ఒక పొరను కట్టును. ఆ పొర ఒకనాడు విద్యుత్తును పోనిచ్చును, ఒకనాడు అడ్డును. విశాఖపట్టణమునను కాకినాడలోను ఈ ఫిర్యాదు ఎక్కువగా నుండుట సహజము. అయితే ఒక మాట చెప్పక తప్పదు. ఈ రబ్బరు చికిత్స పదింట ఎన్నో పర్యాయములు ఫలించుట వలననే విచారణ వెనుకబడినది. ర్యామ్ తీసి పెట్టుటలో బోర్డంతయు ఒకింత వంగి కుదురుకొనును. దోషము వేరొకచోట నున్నను అప్పటికి లేచును. రబ్బరుకు కీర్తి వచ్చును. రోగము మాత్రము అచ్చటనే యుండును.

అట్లుకాక వేళను విచారించిన ఒక మరమ్మతుదారుని నేను ఆ విపణిలో చూచితిని. బల్లమీద క్యాబినెట్ పెట్టిన పెద్దమనిషి "అప్పుడప్పుడు వస్తలేదు బాబూ" అనగా, అతడు స్క్రూడ్రైవరు పట్టకముందే అడిగినాడు: "పొద్దున ఫస్ట్ టైమే రాదా సార్, లేకుంటే ఎప్పుడు పడితే అప్పుడా?" "పొద్దుననే. రెండుమూడు సార్లు నొక్కితే వస్తది. ఒకసారి వచ్చిందంటే రాత్రిదాకా ఫికర్ లేదు." "చలికాలం మొదలైనంక ఎక్కువైందా?" పెద్దమనిషి ఆలోచించి, అవునన్నాడు. అప్పుడతడు ప్రక్కపలక తీసి, బోర్డును ట్యూబులైటు క్రిందికి వాల్చి, ప్రాసెసరు చుట్టును నిలువుగా నున్న చిన్న స్తూపముల తలలమీద వ్రేలికొస పోనిచ్చినాడు. శిలువ గీత గల ఆ తలలు సమతలముగా నుండవలెను. వానిలో నాలుగైదు పొంగి గుండ్రమైయుండెను, ఒకదాని మొదట గోధుమరంగు పెచ్చు కట్టియుండెను. "ఉబ్బినయ్ సార్. ర్యామ్‌ది కాదు."

ఆ స్తూపములు కెపాసిటర్లు. ప్రాసెసరునకు అందు విద్యుత్తునందలి ఒడుదొడుకులను మ్రింగివేయుట వాని పని. 1999 మొదలు 2007 వరకు లోకమంతట బోర్డులను నాశనము చేసిన మహమ్మారి వాని గర్భముననే పుట్టినది. తైవాన్ దేశమున తయారైన కొన్ని కెపాసిటర్లలోని ద్రవమున, లోపలి అల్యూమినియమును కాపాడవలసిన ద్రవ్యము సరిగా కలియలేదు; నీరు లోహమును తినుచు ఉదజని వాయువును పుట్టించెను; తల ఉబ్బెను, చీలెను, ద్రవము ఊరెను. దొంగిలించిన సూత్రమును అసంపూర్ణముగా నకలు చేయుట వలన ఇది కలిగినదని ఒక కథ వ్యాపించెను గాని అది నిరూపితము కాలేదు. 2003 ఫిబ్రవరిలో ఐ.ఈ.ఈ.ఈ. స్పెక్ట్రమ్ పత్రిక దీనినిగూర్చి వ్రాసినది. 2005లో డెల్ కంపెనీ తన ఆప్టిప్లెక్స్ యంత్రముల మరమ్మతులకై 30 కోట్ల డాలర్లు లెక్కలలో ప్రక్కకు పెట్టవలసివచ్చెను. అంత పెద్ద ఉత్పాతమునకు ఇంటిలో కనబడు మొదటి చిహ్నము ఎంత చిన్నది! క్షీణించిన ద్రవము చల్లగానున్నప్పుడు విద్యుత్తును ఎక్కువగా నిరోధించును, వేడెక్కిన కొలదియు ఆ నిరోధము తగ్గును. కావున పుష్యమాసపు ఉదయమున యంత్రము లేవదు. రెండుమూడు ప్రయత్నముల వేడికే కోలుకొని లేచును. మధ్యాహ్నము నిర్దోషిగా నిలుచును. మరమ్మతుదారుడు వచ్చునది మధ్యాహ్నమే. ఉదయమును గూర్చి అడిగినవానికే ఈ రోగము పట్టుబడినది. మిగిలినవారు ర్యామ్ మార్చిరి, డిస్కు మార్చిరి, ఫార్మాట్ కొట్టిరి.

ఇట్టిదే ఎస్.ఎం.పి.ఎస్. లోపల మరియొకటి కలదు. ఏ.టి.ఎక్స్. కాలమునుండి ముందుమీట కరెంటును తెంపదు; యంత్రము ఆగినట్లు కనబడుచున్నను ఐదు వోల్టుల ధార ఒకటి బోర్డుకు అహోరాత్రములు పారుచునే యుండును, మీట నొక్కుడును గుర్తించునది అదియే. విశ్రాంతి ఎరుగని ఆ ధారయందలి కెపాసిటరు అన్నింటికంటె ముందు ఎండిపోవును. వేడిగా నున్నంతకాలము ఎట్లో నడచును. కరెంటు కోత వచ్చి కొన్ని గంటలు చల్లారినచో మరల లేవదు. "కరెంటు పోయి వచ్చినప్పటినుండి రావడం లేదు" అను ఫిర్యాదును విని వోల్టేజి పెరిగి బోర్డు కాలినదని తీర్మానించినవారెందరో. అందు కొన్నింటికి కొలది రూపాయల కెపాసిటరే మందు.

గడచిన పదునైదేండ్లలో పరిస్థితి మారినది. ఘనరూప కెపాసిటర్లు వచ్చి ఆ మహమ్మారిని అణచినవి; తిరుగు డిస్కు స్థానమున కదలిక లేని ఎస్.ఎస్.డి. చేరినది. ఇవి నిజమైన మేళ్ళు. కాని యంత్రము మాటాడుట మానివేసినది. పరీక్షాక్రమము కనబడవలసిన చోట కంపెనీ చిహ్నము నిలిచినది. బీప్ పలుకు చిన్న స్పీకరు చాల క్యాబినెట్లలో లేదు. ల్యాప్‌టాపులలో ర్యామ్ సయితము బోర్డుకు అతుకబడినది. పటములు కంపెనీల రహస్యములైనవి. పాత బయాసు స్థానమున యూ.ఈ.ఎఫ్.ఐ. వచ్చినది. 2012లో విండోస్ 8 తెచ్చిన ఫాస్ట్ స్టార్టప్ అను ఏర్పాటు మరియొక భ్రమను కల్పించినది: షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ అంతర్భాగము పూర్తిగా ముగియక, తన స్థితిని డిస్కున దాచుకొని, మరునాడు దానినే తిరిగి తెచ్చుకొనును. పాడైన స్థితి దాచబడినచో పాడైనదే మరల వచ్చును. అట్టి యంత్రము షట్‌డౌన్ చేసి వెలిగించిననాడు తడబడును, రీస్టార్ట్ చేసిననాడు చక్కగా లేచును. ఏలయన రీస్టార్ట్ అంతయు మొదటినుండి ప్రారంభించును. ఆపి పెట్టుటయే మందు అని ముప్పదియేండ్లు నేర్చుకొన్న లోకమునకు ఇది తలక్రిందులైన విషయము. దీనిని తెరమీద ఒక్క వాక్యముగా చెప్పవలసిన బాధ్యత తయారీదారులకు లేదా? యజమానికి తెలియకుండ యంత్రమును సుందరముగా చేయుట సేవ కాదని నేను నిష్కర్షగా చెప్పుచున్నాను.

2022లో మన కేంద్రప్రభుత్వ వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కును గూర్చి ఒక సంఘమును నియమించి, ఆ ఏటి చివరనే ఒక పోర్టలును ప్రారంభించినది. విడిభాగముల లభ్యత, గ్యారంటీ షరతులు అందు చేరుట మంచిదే. బోర్డు పటములును, లేచు క్రమమున యంత్రము పంపు సంఖ్యల అర్థములును బహిరంగము కావలెనని కూడ అడుగవలెను. 1981లో సాధ్యమైనది నేడు అసాధ్యమనుట కుదరదు.

గృహస్థు తనంతట తాను చేయదగిన పని ఒకటి కలదు. యంత్రము లేవనప్పుడు ఏ దశలో ఆగినదో చూచి కాగితముమీద వ్రాయుట: ఫ్యానే తిరుగలేదా, ఫ్యాను తిరిగి తెర రాలేదా, తెర వచ్చి విండోస్ దగ్గర నిలిచినదా. మొదటిదైన ఎస్.ఎం.పి.ఎస్., మీట, గోడ ప్లగ్గు. రెండవదైన ర్యామ్, బోర్డు. మూడవదైన డిస్కు, ప్రోగ్రాములు అని శోధనస్థలము వెంటనే మూడవవంతునకు తగ్గును. దాని ప్రక్కన వేళ, చలియో ఉక్కయో, ముందు కరెంటు పోయినదా, ఎన్నవ నొక్కుడుకు లేచినది అని కూడ వ్రాసిపెట్టి, పెట్టెతోపాటు ఆ కాగితమును మరమ్మతుదారుని చేతికి ఇచ్చినచో, అతడు చూడలేని ఉదయములను అతనికి చూపినట్లగును.

చివరగా, ఇ.సి.ఐ.ఎల్. లోను సి.ఎం.సి. లోను పనిచేసి నేడు విశ్రాంతి పొందుచున్న ఇంజనీర్లకును, సి.టి.సి. బల్లల వెనుక మూడు దశాబ్దములు గడపిన మరమ్మతుదారులకును నాదొక విన్నపము. మీరు పట్టుకొన్న దోషములను, పట్టుకొన్న విధమును, ఏ వేళ ఏ ఋతువున అది కనిపించినదో, మొదట ఏమని పొరబడి తుదకు దేనిని కనుగొంటిరో, తెలుగులో వ్రాసి యుంచుడు. యంత్రములు తుక్కు క్రింద పోయినవి. వాని దోషములను గూర్చిన జ్ఞానము ఇప్పటికి మీ వద్దనే యున్నది.